ఖర్చు లేని గంటలు

పదకొండున్నర దాటినా ఆపరేషన్ థియేటర్ నుంచి పిలుపు రాలేదు. ఎక్స్‌రే విభాగం బయట వరండాలో, ఇనప బెంచీ మీద, ఒకావిడ నిటారుగా కూర్చుని ఉంది. పొద్దున ఏడూ నలభైకి ఆమె ఎడమ రొమ్ములోకి సన్నటి తీగ గుచ్చారు. దాని కొస లోపలున్న మినపగింజంత మచ్చ దగ్గర కొక్కెంలా పట్టుకుని ఉంది. మిగతా జానెడు తీగ బయట ఉంది. దానికేమీ తగలకుండా పైన ఒక కాగితపు కప్పు బోర్లించి, చుట్టూ ప్లాస్టరు అంటించారు. ప్రత్యేకమైన కప్పేమీ కాదు, కాంటీన్లో టీ పోసిచ్చేదే.

కాన్సరేమోనని అనుమానిస్తున్న ఆ మచ్చ చేతికి తగలదు, ఫిల్ములో మాత్రమే కనిపిస్తుంది. కోసి చూసినా కంటికి ఆనదు. అందుకే కోసే డాక్టరుకు దారి చూపించడానికి ఆ తీగ. తీగ కొస ఎక్కడుంటే మచ్చ అక్కడున్నట్టు. కొస జరిగిందా, ఎంత పెద్ద డాక్టరైనా ఏమీ లేని చోట కోస్తాడు.

బెంచీకి ఎదురుగా, గోడకు ఆనుకుని మరొకామె నిలబడి ఉంది. చేతికి గడియారం, చంకలో అట్ట, అట్టకు బిగించిన కాగితం. ఆమె ఆసుపత్రి లెక్కల విభాగంలో కాంట్రాక్టు గుమాస్తా. మూడు నెలలుగా రోగుల వెంట తిరుగుతూ ఏ పనికి ఎన్ని నిమిషాలు పట్టిందో రాసుకుంటోంది కాబట్టి ఆసుపత్రి అంతా ఆమెకు నిమిషాలమ్మ అని పేరు పెట్టేసింది. మొదట్లో ఆమెకు కోపం వచ్చేది. తర్వాత అలవాటయింది.

ఆమెకు అప్పజెప్పిన పని సులువైనదే. మచ్చ జాడ చూపించడానికి రెండు పద్ధతులున్నాయి. ఒకటి ఈ తీగ, ఖరీదు తొమ్మిది వందలు. రెండోది బియ్యపు గింజంత ఉండే అయస్కాంతపు గింజ, ఖరీదు పధ్నాలుగు వేలు. దాన్ని పసిగట్టే యంత్రానికి మరో ఇరవై రెండు లక్షలు. గింజను వారం ముందే లోపల పెట్టి ఇంటికి పంపేయవచ్చు. మనిషి తన పని తాను చేసుకుని, ఆపరేషన్ రోజున వస్తే చాలు. తీగ మాత్రం అదే రోజు పొద్దున పెట్టాలి. పెట్టాక మనిషి కదలకూడదు. రెంటిలో ఏది చవకో లెక్కగట్టి చెప్పమంది సూపరింటెండెంటు వేసిన కమిటీ.

ఆమె కాగితంలో అన్నిటికీ గళ్లున్నాయి. డాక్టరు నిమిషానికి ఒక ధర, నర్సు నిమిషానికి ఒకటి, ఆయా నిమిషానికి మరొకటి, అన్నిటికంటే ఎక్కువ థియేటరు నిమిషానికి. అట్టడుగు గడిలో ‘రోగి వేచి ఉన్న సమయం’ అని ఉంది. దాని పక్కన ధర ముందే అచ్చయి ఉంది. సున్న. ఆ సున్నను ఎవరు వేయించారో అడిగితే చెప్పేవాళ్లు లేరు. అందరూ దాన్ని చూశారు, ఎవరికీ అది వింతగా అనిపించలేదు. నిమిషాలమ్మకు కూడా అనిపించలేదు, నిజం చెప్పుకోవాలంటే.

"అమ్మా, ఎంతయింది టైము?" బెంచీ మీది మనిషి అడిగింది.

"పదకొండూ నలభై."

"పొద్దున్నుంచీ నన్నే చూస్తూ ఏదో రాస్తున్నారు. నా జాతకమా ఏంటి?"

నిమిషాలమ్మకు నవ్వొచ్చింది. "కాదులే అక్కా. ఎంతసేపు కూర్చున్నావో రాస్తున్నా."

"రాస్తే తొందరగా పిలుస్తారా?"

నిమిషాలమ్మ తన కాగితం వైపు చూసుకుంది. థియేటరు వరస ఎలా నడుస్తుందో ఆమెకు బాగా తెలుసు. డబ్బు కట్టి రూముల్లో ఉండేవాళ్లు ముందు, జనరల్ వార్డు తర్వాత. రాసిపెట్టిన నియమం కాదు. ఆసుపత్రి కట్టినప్పటి నుంచీ అంతే. అందుకని ఏడూ నలభైకే తీగ పెట్టించుకున్న మనిషి, ఎనిమిదికి రూములోంచి నింపాదిగా దిగివచ్చినవాళ్ల వెనక పడిపోతుంది.

ఆ మనిషి ఒక పెద్ద హోటలు లాండ్రీ షెడ్డులో దుప్పట్లు మడుస్తుంది. పద్దెనిమిదేళ్లుగా అదే పని. షెడ్డులో అందరూ తనను మడతలక్క అంటారని ఆమే చెప్పింది. వంద దుప్పట్లు మడిస్తే అరవై ఇస్తారు. చేయి తిరిగిన మనిషి కాబట్టి రోజుకు ఏడు వందల దాకా లాగేస్తుంది. ఒక్కరోజు మానితే ఆ నాలుగు వందల ఇరవై పోవడమే కాదు, నెలాఖర్న హాజరుకని ఇచ్చే పదిహేను వందలూ ఎగిరిపోతాయి.

"నిన్న రాత్రి తిన్నదే. మంచినీళ్లు కూడా తాగొద్దన్నారు. ఆకలి సంగతి వదిలెయ్యండి, ఊరికే కూర్చోవడం నా వల్ల కావట్లేదు. నా ఒంట్లో ఇంత తీరిక ఎప్పుడూ లేదు." అని తన అరచేతులు తిప్పి చూసుకుంది.

సరిగ్గా అప్పుడే ఒక ఆయా ఉతికిన దుప్పట్ల మూట తెచ్చి పక్క బెంచీ మీద పడేసి, బీరువా తాళం కోసం వెళ్లింది. మడతలక్క ఆ మూట వంక చూసింది. మొహం తిప్పుకుంది. మళ్లీ చూసింది. ముడతలు పడి, తలాతోకా లేకుండా చుట్టేసిన ఆ గుడ్డల్ని చూస్తుంటే ఆమెకు ఒళ్లు చీదర పుట్టినట్టుంది. లేచి నిలబడి ఒకటి లాగింది. చేతులు బారజాపి ఎత్తి పట్టుకుంది.

"ఆ కొస పట్టుకోండమ్మా, పుణ్యముంటుంది. నేనొక్కదాన్నే అయితే నేలకు రాసుకుంటుంది."

నిమిషాలమ్మ అట్ట బెంచీ మీద పెట్టింది. కొస పట్టుకుంది.

ఇద్దరూ ఎదురెదురుగా నిలబడి ఇరవై రెండు దుప్పట్లు మడిచారు. "మూల మీద మూల. ఆఁ, ఇప్పుడు లాగండి. గట్టిగా! అన్నం తిన్లేదా మీరు?" అని మడతలక్క కసురుతుంటే నిమిషాలమ్మ కొత్తగా పనిలో చేరిన పిల్లలా నవ్వింది. దుప్పటి ఒక్కసారి ఎగిరి, గాలి నింపుకుని, చదునుగా దిగేది. మూడు నెలల్లో ఆసుపత్రిలో ఆమె చేతులతో చేసిన మొదటి పని అది. ఎంతో హాయిగా అనిపించింది. ఆ హాయినే ఆమె తర్వాత తనకు తాను క్షమించుకోలేకపోయింది.

పదమూడో దుప్పటి దగ్గరో పధ్నాలుగో దాని దగ్గరో మడతలక్క ఆగి, ఆసుపత్రి వాళ్లిచ్చిన చొక్కా కింద కప్పు మీద చేయి పెట్టుకుంది.

"చురుక్కుమంది," అంది.

ఒక్క క్షణం ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. తర్వాత మడతలక్క మరో దుప్పటి అందుకుంది. నిమిషాలమ్మ కొస పట్టుకుంది.

పని అయ్యాక గుమాస్తా బుద్ధిగా అట్ట తీసుకుని రాసింది. పన్నెండూ పది నుంచి పన్నెండూ నలభై దాకా: రోగి వేచి ఉంది. ఖర్చు సున్న.

థియేటరు నుంచి పిలుపు మూడూ అయిదుకు వచ్చింది.

కోసి తీసిన ముక్కను వెంటనే ఫిల్ము తీసి చూస్తారు, మచ్చ అందులోకి వచ్చిందా లేదా అని. నాలుగూ ఇరవైకి ఆ ముక్క వచ్చినప్పుడు నిమిషాలమ్మ ఫిల్ముల గదిలోనే గడియారం చూసుకుంటూ నిలబడి ఉంది. ఫిల్ముల డాక్టరమ్మ తెర మీదకు వంగి చాలాసేపు చూసింది. ఫోను తీసి థియేటరుకు చెప్పింది. "మచ్చ లేదు." రెండో ముక్క పంపారు. అందులోనూ లేదు. ఇంకా కోస్తూ పోతే రొమ్ము మిగలదని కుట్లు వేసేశారు.

"తీగ జరిగింది," అంది డాక్టరమ్మ కళ్లద్దాలు తీసి, కళ్లు నలుపుకుంటూ. "వేలి వెడల్పంత పక్కకొచ్చింది. పొద్దున పెట్టి సాయంత్రం దాకా కూర్చోబెడితే మనిషన్నాక కదలకుండా ఉంటుందా? నేను చెప్తూనే ఉన్నాను. నా మాట ఎవరికి కావాలి!"

నిమిషాలమ్మకు ఆ దుప్పట్లు గుర్తొచ్చాయి. చెప్పాలనుకుంది. అట్ట మీద టైము రాసుకుని బయటికి వచ్చేసింది.

మర్నాటికి కేసు కాగితంలో ఒక వాక్యం చేరింది. ‘రోగి అజాగ్రత్త వల్ల తీగ స్థానం తప్పింది.’ వరండాలో దుప్పట్లు మడిచిందట, అని వార్డులో అందరూ ముక్కు మీద వేలేసుకున్నారు. మడిచిందట, అన్నారు. మడిచారట, అని ఎవరూ అనలేదు.

ఎందుకనలేదో ఇంటికి పంపే రోజున తెలిసింది. మడతలక్క సంచీ సర్దుకుంటూ నిమిషాలమ్మను దగ్గరికి పిలిచి, గొంతు తగ్గించి చెప్పింది. "మీరు పట్టుకున్నారని నేను చెప్పలేదమ్మా. ఎంతమంది అడిగినా చెప్పలేదు. మీ ఉద్యోగం మీది. తప్పు నాదే, ఊరుకునే చేతులు కావు నావి."

ఆరు వారాల్లో పుండు మానాక మళ్లీ రమ్మన్నారు. మళ్లీ తీగ, మళ్లీ కోత. మినపగింజంత మచ్చ మాత్రం ఆమెతోపాటు బస్సెక్కి ఇంటికి వెళ్లింది.

*

ఆ తర్వాత నిమిషాలమ్మకు ఎక్కడ చూసినా దుప్పట్లే. ఆసుపత్రిలో దుప్పట్లకేం కొదవ? ప్రతి మంచం మీదా ఒకటి. నర్సులు ఇద్దరిద్దరు నిలబడి పక్కలు మారుస్తుంటే ఆమె ఆ వార్డు దాటేదాకా తల ఎత్తేది కాదు. దుప్పటి ఎగిరి దిగే చప్పుడు వెనక ఆ ఒక్క మాట వినిపించేది. చురుక్కుమంది. అది నొప్పితో అరిచిన గొంతు కాదు. చేస్తున్న పని ఆపనా అని అడిగిన గొంతు. తను కొస వదిలేసి ఉంటే ఆగేది. తను వదల్లేదు.

ఒక ఆదివారం మధ్యాహ్నం మేడ మీద ఆరేసిన బట్టలు తీస్తూ అత్తయ్య కేకేసింది. "ఇలా వచ్చి ఈ దుప్పటి కొస పట్టుకో."

కోడలు కదల్లేదు.

"ఏంటే, దుప్పటి పట్టుకోమంటే పామును పట్టుకోమన్నట్టు చూస్తున్నావు?"

పట్టుకుంది. అత్తయ్య లాగింది. నిమిషాలమ్మ కళ్లకు అవతలి కొసన అత్తయ్య లేదు. ఎడమ చేయి ఎత్తలేక ఎత్తుతూ, చొక్కా కింద కాగితపు కప్పుతో మరో మనిషి ఉంది. నిమిషాలమ్మ చేతిలోంచి గుడ్డ జారిపోయి నేల మీద పడింది. ఉతికిన దుప్పటి మట్టిపాలు చేసినందుకు అత్తయ్య తిట్టబోయి, కోడలి మొహం చూసి, తనే ఒక్కతీ ఎలాగో మడుచుకుంది. "నీకేదో అయిందే. ఆ ఆసుపత్రిలో ఏదో చూసుంటావు," అని మాత్రం అంది.

చూడ్డమే కాదు, చేశానని ఎలా చెప్పడం?

చెప్పలేని మాటను ఆమె లెక్కలో వెతికింది. కాగితాల ప్రకారం తీగ పద్ధతికి మనిషికి పదకొండు వేల ఆరు వందలు, గింజకు పాతిక వేల పైచిలుకు. రెండోసారి కోసినవాళ్లను కొత్త రోగులుగా రాస్తారు కాబట్టి ఆ ఖర్చు తీగ ఖాతాలోకి రానేరాదు. మడతలక్క తిరిగి వచ్చినా ఆమె ఆమె కాదు, మరో నంబరు. నిమిషాలమ్మ ఆ నంబర్లన్నీ పట్టుకుని పాత మనుషులకు అతికించింది. తీగ పెట్టించుకున్న ఇరవై నలుగురిలో మడతలక్కతో కలిపి నలుగురికి మళ్లీ కోత రాశారు. అదంతా కలిపింది. వాళ్ల కూలీ కలిపింది, బస్సు చార్జీలు కలిపింది. అన్నీ కలిపినా గింజే ఖరీదు. ఆమె నీరుగారిపోయింది. తన మనసులోని మాటను లెక్క కూడా చెప్పనంటోంది.

అప్పుడు ఆమె ఇరవై నాలుగు కాగితాలనూ బల్ల మీద పరిచి, అట్టడుగు గడి ఒక్కటే చూసుకుంటూ పోయింది. అయిదుగురు గంట లోపే థియేటరుకు వెళ్లారు. అయిదుగురూ రూముల వాళ్లే. అందులో ఒక్కరు కూడా మళ్లీ రాలేదు. మళ్లీ కోత పడిన నలుగురూ అయిదు గంటలకు పైగా వరండాలో కూర్చున్నవాళ్లు. ఇరవై నలుగురి లెక్కతో ఏదీ గట్టిగా తేలదని ఆమెకు తెలుసు. కానీ అడగాల్సిన ప్రశ్న మాత్రం అక్కడ కళ్లెదుట ఉంది. తొమ్మిది వందల తీగే, కానీ పెట్టిన గంటలోనే థియేటరులో మొదటి నంబరు. దానికయ్యే ఖర్చు ఎంత? ఏమీ లేదు. ఆమె పెన్సిలుతో మూడో వరస గీసింది.

సూపరింటెండెంటు ఆ పెన్సిలు గీతల్ని చూసి కళ్లద్దాలు సర్దుకున్నాడు. చెడ్డవాడేమీ కాదు. గొంతు పెంచడు, కూర్చోమని కుర్చీ కూడా చూపిస్తాడు.

"రూముల వాళ్లు డబ్బు కట్టి వస్తారమ్మా. వాళ్లను పదింటిదాకా ఆకలితో పడుకోబెడతామా?"

"వార్డు వాళ్లు మూడింటిదాకా ఉంటున్నారు కదండీ."

"మిమ్మల్ని అడిగింది రెండు పద్ధతుల లెక్క. మూడోది ఎవరడిగారు? శుభ్రంగా తిరగ రాసుకురండి. గురువారం పదింటికి కమిటీ. మీ సంతకం పడితే తీగతోనే సరిపెట్టుకుంటాం, గొడవ వదులుతుంది. మీ కాంట్రాక్టు కాగితం కూడా ఆ రోజే చూద్దాం." అంటూ ఆయన తన రబ్బరు ముక్కను బల్ల మీద ఇటు జరిపాడు.

ఆమె ఆ రబ్బరు తీసుకుని బయటికి వచ్చింది. ఈ కథ చెబుతున్న నాకు ఆమె మీద కోపం వచ్చేది అక్కడే. తీసుకుంది.

*

ఆరు వారాలకు రావలసిన మడతలక్క తొమ్మిది వారాలకు వచ్చింది. హోటల్లో పెళ్లిళ్ల తాకిడి, సెలవు ఇవ్వలేదు. వచ్చిన రోజు గురువారం, కమిటీ కూర్చునే రోజే. కొత్త ఫిల్ము చూసి డాక్టరమ్మ పెదవి కొరుక్కుంది. మినపగింజ శనగగింజంత అయింది. ఈసారి తప్పితే మళ్లీ తప్పడానికి వ్యవధి ఉంటుందో ఉండదో.

తీగ సిద్ధం చేశారు. మడతలక్క చొక్కా గుండీలు విప్పలేదు. రెండు చేతులూ కట్టుకుని కుర్చీలో కూర్చుంది.

"మొదటి నంబరు నాదేనని చెప్పించండి, అప్పుడు పెట్టించుకుంటా."

"అది నా చేతుల్లో లేదమ్మా," అంది డాక్టరమ్మ.

"తీగ పెట్టించుకున్నాక నా మాట వినేవాళ్లెవరు? లోపల ఇనుము పెట్టుకుని నేనెక్కడికి పోగలను? అందుకే ముందే అడుగుతున్నా. లేదంటారా, ఇలాగే లేచి పోతా. షెడ్డుకు ఇంకా టైముంది."

గుమ్మం దగ్గర అట్టతో నిలబడ్డ నిమిషాలమ్మ, మడతలక్క వెళ్లిపోతుందేమోనని భయపడింది. వెళ్లిపోదేమోనని కూడా భయపడింది. డాక్టరమ్మ ఫోను తీసింది. అయిదు నిమిషాలు వాదించింది. "సరేనంటున్నారు. మొదటి నంబరు," అంది చివరికి. ఏడూ యాభైకి తీగ పెట్టారు. కాగితపు కప్పు బోర్లించారు.

ఎనిమిదిన్నరకు థియేటరు తలుపు మీద జాబితా అంటించారు. మడతలక్క పేరు మూడోది. ముందు ఇద్దరూ రూముల వాళ్లు. డాక్టరమ్మ మళ్లీ ఫోనెత్తింది. అవతల ఎవరూ తీయలేదు. ఆమె విసురుగా లేచి థియేటరు వైపు నడిచింది.

వరండాలో అదే బెంచీ. మడతలక్క చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. కాసేపటికి ఆ చేతులు తమంతట తామే చొక్కా అంచును పట్టుకుని మడత పెట్టడం మొదలుపెట్టాయి. ఆమె చూసుకుని ఉలిక్కిపడి విడిచిపెట్టింది.

"అమ్మా, ఇలా వచ్చి కూర్చోండి. నా చేతుల మీద నాకు నమ్మకం లేదు. కాస్త పట్టుకోండి."

నిమిషాలమ్మ ఆమె పక్కన కూర్చుంది. అట్టను పక్కన పెట్టి రెండు చేతులనూ తన చేతుల్లోకి తీసుకుంది. సబ్బు నీళ్లకు తోలు మందమైపోయిన చేతులు, చల్లగా ఉన్నాయి.

"అక్కా, ఆ రోజు చురుక్కుమందన్నావు. నేను విన్నాను. విని కూడా కొస వదల్లేదు."

"నాకు తెలుసు."

"ఎవరికీ చెప్పలేదు నేను. నీ తప్పని రాస్తుంటే చూస్తూ ఊరుకున్నాను."

"అదీ తెలుసు." మడతలక్క ఆమె వైపు తిరగలేదు, తిరిగితే తీగ కదులుతుందని ఎదురు గోడనే చూస్తూ మాట్లాడింది. "అందుకే మిమ్మల్ని పట్టుకోమన్నా. మళ్లీ చురుక్కుమంటే ఈసారి మీరు ఊరుకోరు."

నిమిషాలమ్మకు కళ్లు మసకలయ్యాయి. తుడుచుకోవడానికి చేయి తీయలేదు.

పదింటికి బంట్రోతు వచ్చాడు. రిటైరు కావడానికి దగ్గర పడిన మనిషి, మెట్లెక్కి ఆయాసపడుతున్నాడు. "నిమిషాలమ్మా, కమిటీ కూర్చుంది. అందరూ మీకోసమే చూస్తున్నారు. ఒక్క సంతకమట."

"వెళ్లి రండమ్మా," అంది మడతలక్క. "మీ ఉద్యోగం పీకల మీదికి తెచ్చుకోకండి. ఒక్క నిమిషం ఎలాగో ఓర్చుకుంటా."

బెంచీ మీద అట్టకు బిగించిన కాగితం ఉంది. శుభ్రంగా తిరగ రాసింది. మూడో వరస ఉన్న చోట రబ్బరు రుద్దిన మసక ఇంకా కనిపిస్తోంది. నిమిషాలమ్మ దానివైపు చూసింది.

"నేను రానని చెప్పు," అంది.

బంట్రోతు సరిగ్గా అర్థం కానట్టు నిలబడ్డాడు.

"సంతకం కావాలంటే కమిటీనే ఇక్కడికి రమ్మను. వచ్చి ఈ బెంచీ ఎదురుగా నిలబడి, ఈవిడ కూర్చున్న గంటలకు ఖరీదు సున్న అని నోటితో అనమను. నా చేతులు ఖాళీ లేవు."

"అలాగే చెప్పమంటారా?"

"అలాగే చెప్పు, బాబాయ్. ఒక్క ముక్క కూడా తగ్గించకు."

అతను వాళ్లిద్దరి చేతుల వంకా, చొక్కా కింద ఉబ్బెత్తుగా ఉన్న కప్పు వంకా చూశాడు. మెట్ల వైపు తిరిగాడు.

థియేటరు తలుపు మూసే ఉంది. నిమిషాలమ్మ గడియారం మడతలక్క అరచేతి కింద ఉండిపోయింది, ఎంతయిందో కనిపించడం లేదు. ఆమె చేతుల్లో ఆ వేళ్లు ఆగి ఆగి కదులుతున్నాయి, దుప్పటి మూలల కోసం వెతుక్కుంటున్నట్టు. కదిలిన ప్రతిసారీ నిమిషాలమ్మ ఇంకాస్త గట్టిగా పట్టుకుంటోంది.